నలభై ఒక్క గొడవలు

సోమవారం పొద్దున్న బాలబడికి వచ్చిన ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న ఉంది.

"మీ పిల్లలు దేని గురించి ఇంతలా గొడవపడుతున్నారు?"

పెద్దమేడం ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. గాలికి ఎగిరిపోతుందని కాదు. ఎవరి కళ్ళైనా పడతాయని.

"కూర్చోమ్మా," అంది.

పెద్దమేడం కూర్చోమందంటే నిలబడి వినలేని మాటేదో ఉందని ఆ బడిలో అందరికీ తెలుసు. ఎర్రపెన్ను కూర్చుంది.

ఆమెకి ఆ పేరు పెట్టింది పిల్లలే. ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పాల ప్యాకెట్టు మీద అక్షరం తప్పున్నా దిద్దాకే పాలు కాచేది. ఏడాది కిందట ఆ ఉద్యోగం వదిలేసి ఈ బాలబడిలో రాతపనికి చేరింది. కూతురి కోసం చేరింది.

కూతురికి నాలుగేళ్ళు. ఇంట్లో పిలుపు పిట్ట. పేరుకే పిట్ట, కూత లేదు. మూడున్నరేళ్ళు నిండినా పెదవి విప్పలేదు. రెండు బడులవాళ్ళు చూసి, "మాట్లాడ్డం మొదలెట్టాక తీసుకురండి," అని తలుపేశారు. ఈ మూడో బడిలో చేర్చిన మూడో నెలలో, ఎవరో ఏదో అడిగితే పిట్ట "నీలం" అంది. ఆ ఒక్క మాటకి తల్లి మరుగుదొడ్డి తలుపేసుకుని అరగంట ఏడ్చింది.

ఆ "నీలం" పలికించింది పరిశోధన. ఆరు దేశాల్లో ముప్ఫై బాలబడులు కలిసి చేస్తున్న పని అది. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు తమలో తాము ఏం మాట్లాడుకుంటారో చూడాలి. నియమాలు రెండే. పిల్లని ఏదైనా అడిగితే, మనసులో పది లెక్కపెట్టేదాకా పెద్దవాళ్ళు నోరు మెదపకూడదు. పిల్ల ఏమంటే అది అన్నట్టే రాయాలి. మొదటి నియమం పిట్టకి నోరిచ్చింది. రెండో నియమం కొంపముంచబోతోందని ఆ పొద్దున్న ఎర్రపెన్నుకి ఇంకా తెలీదు.

"మిగతా బడుల్లో నెలకి నాలుగు గొడవలు, మహా అయితే ఐదు," అంది పెద్దమేడం. "మన దగ్గర ఆరు వారాల్లో నలభై ఒకటి! నువ్వు పంపిన కాపీల్లోంచే లెక్క తీశారు. అందులో ఇరవై మీ పిట్ట నోట్లోంచి వచ్చినవే."

"పిట్టా? చీమ మీద కాలు పడితే చీమకి సారీ చెప్పే పిల్ల మేడం."

"విను మరి. 'గొడవ ఇవాళ పెద్దదైంది.' పిట్ట. 'గొడవ నా మీద పడింది.' ఇది దాని పక్కన పడుకునే బొండాంగాడు. 'గొడవ లోపల్లోపల మూలుగుతోంది.' మళ్ళీ పిట్ట. ఇవి నాలుగేళ్ళ పిల్ల మాటలా, తోడికోడళ్ళ మాటలా?"

ఎర్రపెన్నుకి నవ్వు రాబోయి ఆగింది.

"మనం పంపిన ఆటగది వీడియోల్లో ఒక్క పిల్లా ఇంకో పిల్లని గిల్లినట్టు కూడా లేదట. అందుకే అడుగుతున్నారు. కనపడేలా కొట్టుకుంటే విడదీస్తాం. కనపడకుండా పెట్టే గొడవని ఏం చేస్తాం? శుక్రవారం వాళ్ళ మనిషి చూడ్డానికి వస్తున్నాడు. ఆలోపు పిట్టకి ఇంకో బడి చూసుకో."

"ఇంకో బడి లేదు మేడం. మీకు తెలుసు."

"మిగతా పదిహేడు మంది అమ్మానాన్నలకి నేనేం చెప్పుకోను?"

కిటికీ అద్దం జివ్వుమని వణికింది. పక్క స్థలంలో, రేకుల అడ్డు వెనక, రెండు నెలలుగా నేల తవ్వుతున్న యంత్రం. మధ్యాహ్నం తిండివేళ తప్ప ఆగదు. పెద్దమేడం అలవాటుగా కిటికీ మూసింది. మాటా అక్కడితో మూసేసింది.

*

రాతపని పద్ధతి ఇది. పడక గదిలోనూ ఆటగదిలోనూ పిల్లలన్న మాటల్ని చిన్నటీచరు అక్కడికక్కడ చిత్తుపుస్తకంలో గిలికేస్తుంది. దాన్ని ఎర్రపెన్ను ముందుగదిలో కూర్చుని దిద్ది, సాపు రాసి పంపుతుంది. పిట్ట ఆ మాటలు ఎవరితో అందో, ఎందుకందో తెలుసుకుందామని ఎర్రపెన్ను చిత్తుపుస్తకాలన్నీ ముందేసుకుంది.

మొదటి పేజీలో తన ఎర్రగీతలు. రెండో పేజీలోనూ అవే. ఒకే మాట దగ్గర, ఒకేలాంటి రెండు గీతలు. మొదటి అక్షరం మీద దీర్ఘం కొట్టేసింది. చివరి అక్షరం కింద వత్తు కొట్టేసింది. చిన్నటీచరుకి దీర్ఘాలతో, వత్తులతో చుట్టరికం లేదని అప్పట్లో విసుక్కోవడం గుర్తొచ్చింది.

ఆరో పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

చిన్నటీచరు 'ఉక్కిరిబిక్కిరి' తప్పులేకుండా రాసింది. 'గజ్జెలు' రాసింది. ఒక్క 'గొడవ'ని మాత్రం నలభై ఒక్కసార్లూ తప్పు రాసింది. ప్రతిసారీ ఒకే తప్పు.

"చిన్నటీచరూ, ఒకసారి ఇలా రా. ఇదేంటమ్మా?"

చిన్నటీచరు తొంగిచూసింది. "గోడవ్వ, అక్కా."

"అంటే?"

"గోడ, అవ్వ. పడకగదిలో పరుపులు ఆనించే గోడ లేదూ, దాన్ని గోడవ్వ అంటారు పిల్లలు."

"నేను గొడవ అని దిద్దుతుంటే చెప్పవేం మరి?"

"మీరు ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో చేశారు కదక్కా. నాకే తెలీదేమో, మీకు తెలుసేమో అనుకున్నా."

ఎర్రపెన్ను చిత్తుపుస్తకం దగ్గరికి లాక్కుంది. చిన్నటీచరు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, తను కొట్టేసిన దీర్ఘాల్నీ వత్తుల్నీ తిరిగి పెట్టుకుంటూ మొదటినుంచీ చదివింది.

గోడవ్వ ఇవాళ పెద్దదైంది. గోడవ్వ నా మీద పడింది, కొంచెం, తెల్లగా. గోడవ్వ లోపల్లోపల మూలుగుతోంది. గోడవ్వకి పళ్ళు ఊడుతున్నాయి. నేను జోకొట్టానుగా, గోడవ్వ ఊరుకుంది.

పద్నాలుగు మంది పిల్లలు. ఒకరు వాక్యం మొదలెడితే ఇంకొకరు ముగించినట్టు.

ఆఖరిది పోయిన శుక్రవారంది. ఎర్ర సిరా కింద చిన్నటీచరు రాత ఇలా ఉంది: గోడవ్వ పడుకుంటానంటోంది.

దాన్ని మూడు గీతలతో దిద్దింది తను. దీర్ఘం, వత్తు, 'డు' కొమ్ము. గొడవ పడకుంటానంటోంది. పోనీలే, పిల్లలకి బుద్ధొచ్చిందని ఆ రోజు ఊపిరి పీల్చుకుంది కూడా.

ఇప్పుడు ఆ కొమ్ము తిరిగి పెట్టి, ఆ వాక్యాన్ని పైకి చదివింది.

*

"గోడలకి చెవులుంటాయని విన్నాను," అంది పెద్దమేడం మంగళవారం. "నోరు కూడా ఉందా?"

"తప్పు నాది మేడం. పిట్టది కాదు. గొడవలే లేవు. పరిశోధనవాళ్ళకి నిన్ననే క్షమాపణ రాసి పంపాను."

పెద్దమేడం ముఖంలో వెలుగు వచ్చేదే. కానీ గుమ్మంలో దుప్పట్లు మడతపెడుతున్న ఆయమ్మ ఊరుకోలేదు.

"నోరుండకేం మేడం. ఈ ఇల్లు బడి కాకముందు ఇంటి పెద్దావిడ పోయింది ఆ గదిలోనే. మూడేళ్ళు మంచంలో ఉంది. మంచం ఆ గోడకే ఉండేది. నేనే చేశాను కదా చాకిరీ. పోయేముందు గోడ మీద ఇలా చెయ్యేసి..."

"ఆయమ్మా! దుప్పట్లు."

"మడతపెడుతున్నాగా."

ఆయమ్మ చెవిన పడ్డ మాట సాయంత్రానికి గేటు దాటింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ముగ్గురు తల్లులు పెద్దమేడం గదిలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా మాట్లాడి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక పెద్దమేడం ఎర్రపెన్నుని పిలిచింది. గొంతు తగ్గించింది, అది ఇంకా భయం.

"గొడవైతే సర్దిచెప్పుకునేదాన్ని. దయ్యమైతే బడికి తాళమేసుకోవాలి. ఈ అవ్వ కథ మొదలెట్టింది మీ పిట్టే, అవునా?"

పుస్తకంలో మొదటి మాట పిట్టదే. ఎర్రపెన్ను అబద్ధమాడలేకపోయింది.

"శుక్రవారం దాకా వద్దు. గురువారమే దానికి ఇక్కడ ఆఖరు రోజు."

పులి మీద పుట్ర అంటే అదే.

ఆ సాయంత్రం వంటింట్లో, గిన్నెలో చేతులు పెట్టి నీళ్ళతో ఆడుకుంటున్న కూతురి పక్కన ఎర్రపెన్ను చతికిలబడింది.

"పిట్టా, గోడవ్వ ఎలా ఉంటుంది?"

పది లెక్కపెట్టుకుంది. ఆరు దగ్గర జవాబు వచ్చింది.

"ఉండదు. వినిపిస్తుంది."

"ఎవరికి?"

"పడుకున్నవాళ్ళకి."

"టీచరుకి వినిపించదా?"

"టీచరు పడుకోదు కదా!" ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది పిట్ట.

"నీకు భయం వేయదా అమ్మా?"

ఒకటి. రెండు. కుళాయి చుక్క చుక్క రాలుతోంది. ఐదు. ఆరు. పిట్ట నీళ్ళలోంచి చేతులు తీసి తన గౌనుకి తుడుచుకుంది. తొమ్మిది.

"నాకు కాదమ్మా," అంది. "గోడవ్వకే భయం."

*

బుధవారం జవాబు వచ్చింది. రాసింది పరిశోధన నడిపే పెద్దావిడ. ముప్ఫై ఏళ్ళుగా చిన్నపిల్లల మాటలు వింటున్న మనిషి. తిట్టలేదు. ఒక దీర్ఘం, ఒక వత్తు ఇంత పని చేస్తాయని ఇప్పుడే తెలిసిందని చమత్కరించింది కూడా. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"ఊహలో స్నేహితులున్న పిల్లలు మాకు అన్ని దేశాల్లోనూ దొరికారు. ఏ ఇద్దరి స్నేహితుడూ ఒక్కలా లేడు. ఒకే గదిలో పద్నాలుగు మంది పిల్లలు ఒకే సంగతి చెబుతుంటే మేం దాన్ని ఊహ కింద రాసుకోం. కబురు కింద రాసుకుంటాం. వాళ్ళు ఆ కబురు ఎక్కడ విన్నారు? ఏ వేళ? కూర్చునా, నిలబడా, పడుకునా? వాళ్ళున్న చోట, వాళ్ళున్నట్టే ఉండి చూడండి. మాకు ఈ పరిశోధన నేర్పిన పాఠం ఇంతకంటే పెద్దదేం కాదు."

ఎర్రపెన్ను పుస్తకాలు తిరగేసింది. నలభై ఒక్క మాటలూ మధ్యాహ్నం పడక అయ్యాక అన్నవే. ఒక్కటి కూడా పొద్దుటిది లేదు, ఆటస్థలంలోది లేదు.

చిన్నటీచరు రోజూ పడకగది పటం గీసేది. ఎవరి పరుపు ఎక్కడుందో చిన్న చిన్న పెట్టెలతో. అదీ పరిశోధన పనే. ఆరు వారాల పటాలు బొత్తిగా పట్టుకుని, చిన్నప్పుడు పుస్తకం అంచున బొమ్మలు గీసి ఆడించినట్టు, బొటనవేలితో గబగబా వదిలింది.

పెట్టెలు కదిలాయి.

పద్దెనిమిది పెట్టెలూ కలిసి కదిలాయి. గోడ నుంచి గది మధ్యకి. పడుకునేముందు గీసిన పటంలో గోడ దగ్గర, లేచాక గీసిన పటంలో ఇటు. మర్నాడు మళ్ళీ గోడ దగ్గర, మళ్ళీ ఇటు. ప్రతిరోజూ ముందురోజు కంటే కొంచెం ఎక్కువ దూరం.

"ఆయమ్మా, పరుపులు జరిపేది ఎవరు?"

"పిల్లలేనమ్మా. నేను గోడకి ఆనించి గీతల మీద సరిగ్గా వేస్తానా, లేచేసరికి జానెడు ఇటుంటాయి. నిన్నైతే మూరెడు. వెనక్కి తోయలేక నడుం పోతోంది. నిద్రలో దొర్లుతారు వెధవలు."

"పద్దెనిమిది మందీ ఒకే పక్కకి దొర్లుతారా?"

ఆయమ్మ మడతపెడుతున్న దుప్పటి సగంలో ఆగిపోయింది.

ఎర్రపెన్ను తిన్నగా పెద్దమేడం గదికి వెళ్ళింది. పడకగది గోడకి నేల నుంచి కప్పు దాకా కొత్తగా చెక్కబోర్డు కొట్టించారు, పిల్లల బొమ్మలన్నీ అతికించడానికి. దాని వెనక గోడ ఇప్పుడెలా ఉందో చూసినవాళ్ళు లేరు.

"ఒక్క పలక ఊడదీయిద్దాం మేడం."

"ఎల్లుండి వచ్చేవాళ్ళు చూసేదే ఆ బోర్డు! బోర్డు కొట్టకముందే ఇల్లుగలాయన మేస్త్రీని పంపాడు, పోయిన నెలలో. గోడ తట్టి చూసి రాయిలా ఉందన్నాడు."

"నిలబడి తట్టాడా, వంగి తట్టాడా?"

"వెళ్ళు తల్లీ," అంది పెద్దమేడం. "రేపొక్కరోజు కూతుర్ని కడుపునిండా చూసుకో ఇక్కడ."

*

గురువారం మధ్యాహ్నం పరుపులు వేశారు. తెల్లగీతల మీద, గోడకి ఆనించి. కిటికీలకి తెరలు లాగారు. పద్దెనిమిది మంది పిల్లలు అడక్కుండానే వచ్చి పడుకున్నారు. మారాం లేదు, నీళ్ళు కావాలని లేదు. అందరూ పరుపు అంచు దాటి కుడిచెవి నేలకి ఆనించారు. రోజూ అంతేనని చిన్నటీచరు గుసగుసగా చెప్పింది. బుద్ధిమంతులని మురిసిపోయేదట.

ఎర్రపెన్ను పిట్ట పక్కన పడుకుంది. గదిలో పెద్దవాళ్ళెవరూ ఎప్పుడూ చేయని పని అది.

పక్క స్థలంలో యంత్రం ఆగింది. తిండివేళ.

ముందు ఏమీ లేదు. తన గుండె చప్పుడు, అంతే. తర్వాత, దూరంగా, చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒక చప్పుడు. సన్నగా, ఆగి ఆగి. గోడ లోపల పైనుంచి కిందికి ఇసక జారుతోంది. అది ఆగాక ఒక పలుకు రాయి రాలింది. టక్. ఇంకొకటి. టక్. గోడవ్వకి పళ్ళు ఊడుతున్నాయి.

ఆపైన మూలుగు.

అది చెవికి వినపడలేదు. దవడ ఎముకలోకి వచ్చింది. నడుం పట్టేసిన ముసలిమనిషి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఒత్తిగిల్లబోయి, చాతకాక, నిట్టూర్చినట్టు.

ఎర్రపెన్ను తల తిప్పింది. పిట్ట కళ్ళు తెరిచే ఉన్నాయి. దాని వెనక బొండాంగాడివి. వాడి వెనక ఇంకో పిల్లవి. ఆ గదిలో ఒక్కరూ నిద్రపోవడం లేదు. ఆరు వారాలుగా ఒక్కరూ నిద్రపోలేదు.

"పిట్టా," ఊపిరితో అడిగింది. "గోడవ్వ ఏమంటోంది?"

పది దాకా లెక్కపెట్టే ఓపిక లేదు. అయినా లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర పిట్ట జవాబిచ్చింది.

"ఇవాళే అంటోంది."

అని లేచి కూర్చుని దుప్పటి తీసింది. దుప్పటి కింద పిట్ట కాళ్ళకి చెప్పులున్నాయి.

గదిలో దుప్పట్లన్నీ ఒకటొకటిగా తొలిగాయి. వరండాలో అరలో ఉండాల్సిన చెప్పులు పద్దెనిమిది జతలూ పద్దెనిమిది మంది కాళ్ళకీ ఉన్నాయి. కొందరికి కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ. చిన్నటీచరు కీచుమని అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"లేవండమ్మా," అంది ఎర్రపెన్ను. చెప్పే అవసరమే లేకపోయింది. వాళ్ళప్పటికే వరసలో నిలబడ్డారు.

తలుపు తెరుచుకుంది. గుమ్మానికి అడ్డంగా పెద్దమేడం.

"గంట కొట్టకుండా వీళ్ళని ఎవరు లేపారు?"

"మేడం, గోడ పడిపోబోతోంది. జరగండి."

"ఎవరు చెప్పారు?"

"గోడవ్వ," అన్నాడు బొండాంగాడు, మర్యాదగా.

పెద్దమేడం ముఖం ఎర్రబడింది. "చూడు, ఇవాళ వీళ్ళు ఈ గుమ్మం దాటారా, రేపటినుంచి నువ్వూ నీ కూతురూ నా గేటు దాటి లోపలికి రారు. ఏ బడిలోనూ చేర్చుకోకుండా నేనే చెప్తాను."

మూడు బడుల గడప ఎక్కిన మనిషి. నాలుగో గడప లేని మనిషి. పిట్ట నోట్లోని మాటలన్నీ ఈ ఇంట్లోనే పుట్టాయి. ఎర్రపెన్నుకి ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి.

"సరే మేడం. ఇంక రాం. ముందు బయటికి పోనివ్వండి."

పెద్దమేడం ఏదో అనబోయింది. అదే సమయంలో చెక్కబోర్డు మీద, రెండు పలకలు కలిసే చోట అతికించిన ఏనుగు బొమ్మ నడిమికి చిరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. తొండం దగ్గర మొదలై, తొందరేం లేనట్టు, పర్... మని తోక దాకా.

పెద్దమేడం గుమ్మంలోంచి తప్పుకుంది. తప్పుకోవడమే కాదు, దగ్గరున్న ఇద్దరు పిల్లల్ని చెరో చంకనా ఎత్తుకుంది.

వరండా, మెట్లు, గేటు, రోడ్డు అవతల ఫుట్‌పాత్. చిన్నటీచరు ముందు, ఆయమ్మ వెనక. "చేతులు పట్టుకోండర్రా, వదలకండి." ఎర్రపెన్ను తలల మీద చెయ్యి వేస్తూ లెక్కపెట్టింది. పదిహేను, పదహారు, పదిహేడు.

మళ్ళీ లెక్కపెట్టింది. పదిహేడే.

"పిట్టేదీ?"

బొండాంగాడు ఇంటివైపు వేలు చూపించాడు. "గోడవ్వకి చెప్పి వస్తానంది."

తను ఎలా పరిగెత్తిందో ఎర్రపెన్నుకి తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు. పడకగది తలుపు దగ్గర ఆగింది. గదంతా పొగలాంటి దుమ్ము. ఆ దుమ్ములో పిట్ట, బోర్డు మీద అరచెయ్యి ఆనించి, పెదవులు కదుపుతూ నిలబడి ఉంది. దాని తల మీద, కప్పు దగ్గర, చెక్క పలక ముందుకి వంగి ఉంది.

"పిట్టా!"

"ష్. అడిగానమ్మా. అందరూ వెళ్ళేదాకా ఆగుతావా అని. ఐదు దాకా వచ్చాను."

ఎర్రపెన్ను దాన్ని లాక్కుని భుజాన వేసుకుంది. వరండాలో పిట్ట చెవిలో "ఆరు" అంది. మెట్ల మీద "ఏడు". తొందరపడలేదు, ఒక అంకె మింగలేదు. గేటు దగ్గర "ఎనిమిది". రోడ్డు మధ్యలో ఏదో బండి కీచుమని ఆగింది, బండివాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. "తొమ్మిది".

ఫుట్‌పాత్ మీద కాలు పెట్టింది.

"పది," అంది పిట్ట.

కూలిందని మర్నాడు అందరూ చెప్పుకున్నారు. పక్క స్థలంలో పునాది కిందికి తవ్వేశారని, ఎప్పుడో కూలాల్సిందని లెక్కలు చెప్పారు. ఎదురుగా నిలబడి చూసిన పిల్లలు మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు. పైకప్పు ముందు మెల్లగా కుంగింది. గోడ మోకాళ్ళ దగ్గర వంగి, పక్కకి ఒరిగి, తెల్లగీతల మీద వరసగా పరిచిన పద్దెనిమిది పరుపుల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా వాలింది. పెద్ద చప్పుడేం రాలేదు. దుమ్ము లేచి, ఆగింది.

పక్క స్థలంలో పనివాళ్ళు అవతలి మూల నీడలో అన్నం తింటున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

పదిహేడు మంది పిల్లలు ఒకేసారి ఏడుపు అందుకున్నారు. పిట్ట ఏడవలేదు. తల్లి మెడలో ముఖం దాచుకుంది.

ఆ "పది" తర్వాత పిట్ట మాట్లాడలేదు.

*

శుక్రవారం మాట్లాడలేదు. శనివారం మాట్లాడలేదు. ఎర్రపెన్ను అడిగింది, పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది. పిట్ట కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తోంది. మళ్ళీ మూడున్నరేళ్ళ పిల్లయిపోయింది. పరిశోధన పెద్దావిడ ఫోన్ చేసి, "ఏమీ చెయ్యకండి, అడగడం కూడా ఆపండి, దగ్గర కూర్చోండి చాలు," అంది. ఎర్రపెన్ను దగ్గర కూర్చుంది.

ఆదివారం పొద్దున్న తలుపు చప్పుడైంది. పెద్దమేడం. మూడు రోజుల్లో మూడేళ్ళు పైబడినట్టుంది. ఎర్రపెన్ను కుర్చీ వేయబోతే వద్దని చెయ్యి ఊపి, మోకాళ్ళు పట్టుకుని, అమ్మా అనుకుంటూ పిట్ట ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పిట్టమ్మా, బడికి అద్దె ఇళ్ళు నాలుగు చూసిపెట్టాను. నాకు కళ్ళున్నాయి గానీ చెవులు లేవని తేలిపోయింది కదా. నువ్వొచ్చి విని సరేనంటేనే ఏ ఇల్లయినా తీసుకుంటాను. నువ్వు లేకుండా బడి లేదు."

పిట్ట ఏమీ అనలేదు. పెద్దమేడం కూడా ఇంకేమీ అనలేదు. నేల మీద అలాగే కూర్చుంది. గోడ గడియారం కొట్టుకుంటోంది. చాలాసేపటికి పిట్ట లేచి వెళ్ళి చెప్పులు తెచ్చుకుంది. ఏది కుడో ఏది ఎడమో చూసి వేసుకుంది.

మొదటి ఇల్లు విశాలంగా ఉంది. తెల్లగా సున్నం వేసి ఉంది, వెలుతురు బాగుంది. ఇల్లుగలాయన తాళంచెవి పెద్దమేడం చేతిలో పెట్టేశాడు కూడా. పిట్ట లోపలికి వెళ్ళి పెద్దగదిలో నేల మీద పడుకుంది. కుడిచెవి ఆనించింది.

"ఏంటమ్మా ఇది?" ఇల్లుగలాయన నవ్వాడు. "పాపకి నిద్రొస్తోందా?"

"మాట్లాడకండి," అంది పెద్దమేడం.

"కట్టి పదేళ్ళు కాలేదమ్మా. సిమెంటు..."

"మాట్లాడకండని చెప్పానా?"

పిట్ట ఒక గోడ దగ్గరికి జరిగింది. పక్కగోడకి జరిగింది. మూడోది. నాలుగో గోడ దగ్గర చాలాసేపు ఉండిపోయింది. ఆ గోడ మీద గీత లేదు, మరక లేదు, తడి లేదు.

పిట్ట లేచింది. మోకాళ్ళు దులుపుకుంది. పెద్దమేడం దగ్గరికి వచ్చి, తల ఎత్తి, మూడు రోజుల తర్వాత మొదటి మాట అంది.

"వద్దు."

ఎర్రపెన్ను గోడని పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎందుకట?" అన్నాడు ఇల్లుగలాయన. నవ్వు పోయింది అతని ముఖంలోంచి. "ఏం విందట? ఏమంటుందమ్మా మీ పాప?"

పెద్దమేడం తాళంచెవి అతని చేతిలో తిరిగి పెట్టింది. కారణం అడగలేదు.

"ఇంకా మూడున్నాయి," అంది పిట్టతో. "నడవగలవా, ఎత్తుకోనా?"

"నడుస్తా," అంది పిట్ట.